సవరణ: ఓమ్ని వెనక కమాన్ బుష్‌ల బిగింపు
పాత మారుతి ఓమ్నిలో వెనక కమాన్ కట్టల (బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగుల) చివరను బండి అడుగుభాగానికి కలిపే షాకిల్ దగ్గర రబ్బరు బుష్‌లు (పిన్ను చుట్టూ ఉండే గొట్టాల్లాంటి రబ్బరు ముక్కలు) లూజై, గుంతల్లో టకటక చప్పుడు వస్తుంటే ఏం చేయాలో ఇదివరకు రాశాను. అందులో "కొత్త బుష్‌లు వేసి నట్లు బిగించేయండి" అన్న వాక్యాన్ని ఇలా మార్చి చదువుకోండి.

బండి జాకీ మీద ఉండగా నట్లు చేత్తో తిరిగినంత వరకే తిప్పాలి. చక్రాలు నేలకు ఆని, బరువంతా కమాన్ల మీద పడ్డాక, వెనక భాగాన్ని నాలుగుసార్లు నొక్కి వదిలి, అప్పుడు పూర్తిగా బిగించాలి. ఈ రబ్బరు బేరింగ్‌లా తిరగదు, మెలిపడుతూ కదలికను ఓర్చుకుంటుంది. చక్రాలు వేలాడుతుండగా బిగించేస్తే, కిందికి దించగానే బుష్ మెలిపడిపోతుంది. బండి ఊరికే నిలబడి ఉన్నా ఆ మెలి పోదు. దాంతో రబ్బరు తొందరగా చిరుగుతుంది. షెడ్లలో హడావిడిగా ఇలా చక్రాలు వేలాడుతుండగానే బిగించేస్తుంటారు, కాబట్టి దగ్గరుండి చూసుకోండి.

అలాగే, బుష్‌లు ఎక్కించేటప్పుడు "కాస్త గ్రీజు రాయండి" అని రాసినచోట సబ్బు నీళ్లు అని ఉండాలి. మామూలు గ్రీజు, ఇంజిన్ ఆయిల్ తగిలితే సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

షాకిల్ పిన్ను అరిగి ఉంటే దాన్నీ మార్చాల్సిందే. లేదంటే కొత్త బుష్ వేసినా చప్పుడు పోదు.