ఫోనెత్తగానే ‘షుగర్ ఎంత?’ అని అడగకండి

ఎండాకాలంలో ఇక్కడ అమెరికాలో, ఎడిసన్‌లో రాత్రి పదిన్నర అంటే గుంటూరులో పొద్దున ఎనిమిది. నాన్న పోయినప్పటి నుంచి రెండేళ్ళపాటు రోజూ పడుకోబోయే ముందు అమ్మకి ఫోన్ చేసేదాన్ని. అమ్మ "ఆఁ, చెప్పవే" అనడం ఆలస్యం, నేను "షుగర్ ఎంతుందమ్మా?" అనేదాన్ని. 132 అనేది. మర్నాడు 128, ఆ మర్నాడు 135. పర్వాలేదు, బాగానే చూసుకుంటోంది అనుకుని పడుకునేదాన్ని.

పోయిన సంక్రాంతికి బ్రాడీపేటలో మా ఇంటికి వెళ్ళినప్పుడు షుగర్ మిషన్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూద్దామని బటన్లు నొక్కాను. పాత రీడింగులన్నీ తేదీలతో సహా అందులో ఉంటాయని అమ్మకి తెలియదు. 241. 268. 219. ఒకచోట 61. మధ్యలో రెండేసి వారాలు అసలేమీ లేవు. 132 మాత్రం ఎంత వెనక్కి వెళ్ళినా కనపడలేదు.

అడిగితే అమ్మ గోంగూర వలుస్తూ తలెత్తకుండా చెప్పింది. "ఎక్కువుందంటే నువ్వు అరుస్తావు. నువ్వు పెట్టెయ్యగానే తమ్ముడు డాలస్ నుంచి చేసి అరుస్తాడు. పొద్దున్నే ఇద్దరి చేతా తిట్లు తినే బదులు ఏదో ఒక అంకె చెప్పేస్తే మీరూ హాయిగా పడుకుంటారు కదే."

మా అమ్మ 34 ఏళ్ళు మున్సిపల్ స్కూల్లో లెక్కలు చెప్పింది. ఆవిడ 74 ఏళ్ళ వయసులో కన్నపిల్లలకి భయపడి తప్పు లెక్క చెబుతోంది. ఆ భయం పెట్టింది మేమే, ప్రేమతోనే పెట్టాం, అయినా పెట్టాం.

ఆ 61 సంగతి ఇంకా ఘోరం. రాత్రిపూట అన్నం మానెయ్యమని తమ్ముడు గట్టిగా చెప్పాడట, అమ్మ అన్నం మానేసింది గానీ మాత్ర మానలేదు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు మనం తిన్నా తినకపోయినా ఒంట్లో ఇన్సులిన్‌ని బయటికి తెప్పిస్తూనే ఉంటాయి, పెద్ద వయసులో షుగర్ పడిపోవడానికి ఇదొక పెద్ద కారణం. తెల్లవారుజామున నాలుగింటికి జాకెట్టంతా చెమటతో తడిసి, చేతులు వణుకుతుంటే గోడ పట్టుకుని వెళ్ళి పక్క వాటా పిన్నిగారి తలుపు కొట్టిందట. ఆవిడ మంచినీళ్ళలో మూడు చెంచాల పంచదార కలిపి తాగించి, పావుగంట పక్కనే కూర్చుని, మళ్ళీ వేలు గుచ్చి చూసింది. చెయ్యాల్సింది సరిగ్గా అదే. ఇంత జరిగినా మాకు చెప్పలేదు. చెబితే ఇంకేం మానమంటామోనని.

అందుకే ఈ పత్రికలో ఇది రాస్తున్నాను. మన సంఘంలో సగం ఇళ్ళలో ఇదే ఫోన్ కాల్ నడుస్తోందని నాకు తెలుసు. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్లకు పైనే, అందులో మన అమ్మానాన్నలూ ఉన్నారు. మనం మిషన్లు పంపుతాం, స్ట్రిప్పులు పంపుతాం, ఈ మధ్య ఎప్పటికప్పుడు షుగర్ చూపించే, జబ్బకి అంటించే సెన్సార్లు కూడా కొనిస్తున్నాం. నాకు తెలిసిన ఒకాయన విజయవాడలో వాళ్ళ నాన్నగారికి అదే పెట్టించి అంకెలు తన ఫోన్‌లోకి వచ్చేలా చేసుకున్నాడు. పెద్దాయన మధ్యాహ్నం ఒక మామిడిపండు ముక్క తింటే చాలు, కొడుకు ఇక్కడ అర్ధరాత్రి లేచి మరీ ఫోన్ చేస్తాడు. వారం తిరక్కుండా పెద్దాయన దాన్ని పీకేశారు. సెన్సార్ మంచిదే. కానీ ఆ అంకెలు ఎవరు చూడాలో, ఎప్పుడు ఫోన్ చెయ్యాలో ఆయన్ని ఎవరూ అడగలేదు.

టెన్షన్ పడితే షుగర్ పెరుగుతుందన్నది ఊరికే అనే మాట కాదు. కంగారు పడినప్పుడు వచ్చే అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్ల వల్ల లివర్ దాచుకున్న చక్కెరని రక్తంలోకి వదులుతుంది. అంటే రోజూ పొద్దున్నే ఫోన్ మోగుతుందన్న బెదురు కూడా అమ్మ షుగర్‌కి మంచి చెయ్యదు.

మనిషికి తన మీద తనకి నమ్మకం ఎక్కడినుంచి వస్తుందన్న దాని గురించి ఆల్బర్ట్ బందూరా అనే సైకాలజిస్ట్ 1977లోనే రాశాడు. "నువ్వు చెయ్యగలవు" అని పక్కవాళ్ళు చెబితే కొంత వస్తుంది, తనలాంటి వాళ్ళు చేస్తుంటే చూసి ఇంకొంత వస్తుంది, అన్నిటికంటే ఎక్కువగా తానే చేసి చూసుకుంటే వస్తుంది. ఈ చివరిది మా ఇంట్లో కళ్ళారా చూశాను.

ఆ సంక్రాంతి సెలవుల్లోనే అమ్మకి ఒక లాంగ్ నోట్‌బుక్ ఇచ్చి, "నీ ఇష్టమొచ్చినట్టు రాసుకో, మాకు చూపించక్కర్లేదు" అన్నాను. నాలుగు రోజులు దాన్ని ముట్టుకోలేదు. ఐదో రోజు స్కేలు తెచ్చి గళ్ళు గీసింది. ఒక పూట మూడు ఇడ్లీలు తిని, రెండు గంటలయ్యాక చూసుకుంది. మర్నాడు అదే టైముకి రెండు పెసరట్లు. ఆ మర్నాడు ఇడ్లీ తిన్నాక ఇంటి ముందు నుంచి లైను చివరిదాకా నాలుగుసార్లు నడిచి చూసుకుంది. ఇడ్లీకీ పెసరట్టుకీ 50 పైన తేడా వచ్చింది. "చూశావుటే, నేనే పట్టాను" అని ఆ పుస్తకం నా మొహం ముందు పెట్టినప్పుడు నాన్న పోయాక మొదటిసారి ఆవిడ గొంతులో పాత టీచరమ్మ వినిపించింది. పప్పు తింటే షుగర్ నెమ్మదిగా పెరుగుతుందని డాక్టరుగారు, నేను, తమ్ముడు ఎన్నిసార్లు చెప్పామో. అది ఆవిడ బుర్రకెక్కలేదని ఎలా అనగలం? తన లెక్కగా అనిపించలేదు, అంతే.

ఇక మన ఇళ్ళలో ఆడవాళ్ళ సంగతి. అందరూ తిన్నాక మిగిలిన అన్నం పారేయలేక తినేది అమ్మే. ఆవిడకి మధ్యాహ్నం రెండున్నర దాకా కంచం ముందు కూర్చునే తీరిక ఉండదు, మాత్ర మాత్రం టైముకి వేసుకోవాలి. పెళ్ళి పంక్తిలో ఒకరు "ఆవిడకి పెట్టకండి, షుగర్" అని అందరి ముందూ అంటారు, ఆ పక్కవాళ్ళే "ఒక్క బూరె తింటే ఏమవుతుందండీ" అని విస్తట్లో పడేస్తారు. రెండూ అవమానమే. మగవాళ్ళది ఇంకో కష్టం. తెనాలిలో మా మేనమామకి ఏ మాత్ర దేనికో తెలియదు, అత్తయ్య ఉన్నన్నాళ్ళూ అరచేతిలో పెట్టేది, మింగేవాడు. అత్తయ్య పోయాక డబ్బా తెరిచి ఎరుపుదా తెలుపుదా అని కూర్చున్నాడు. భార్య సేవ చెయ్యడం గొప్పే కావచ్చు గానీ, మామయ్య చేత కూడా చేయించి ఉంటే బాగుండేదని నేను గట్టిగా నమ్ముతాను.

మనిషి తోడు లేకుండా కుదరని పనులు కూడా ఉన్నాయి. షుగర్ వల్ల కాళ్ళలో స్పర్శ తగ్గితే అరికాలులో చిన్న పుండు పడినా తెలియదు, మోకాళ్ళ నొప్పులున్న మనిషి వంగి తన అరికాలు తాను చూసుకోలేదు. ఇప్పుడు ఆదివారం సాయంత్రం పిన్నిగారు వచ్చి వరండాలో పీట వేసుకుని, అమ్మ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, టార్చి వేసి వేళ్ళ సందులన్నీ చూస్తుంది. మొదట్లో అమ్మ తెగ సిగ్గుపడి కాలు లాక్కునేదట. తర్వాత పిన్ని కాళ్ళు అమ్మ చూస్తుంది. మేము పంపే డబ్బుతో ఈ పని ఎవరు చేస్తారు?

అమ్మకి మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో అప్పుడు 9.1 వచ్చింది, ఇప్పుడు 7.8. తమ్ముడు 6.5 కావాలంటాడు. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకే 7 నుంచి 7.5 లోపు అంటుంది, ఇతర జబ్బులు చాలా ఉన్నవాళ్ళకి 8 లోపు ఉంటే చాలంటుంది. అమ్మకి బీపీ ఉంది, గుండెకి స్టెంట్ ఉంది. ఎంత దాకా తగ్గించాలో డాక్టరుగారూ అమ్మా కూర్చుని తేల్చుకున్నారు, రాత్రి మాత్ర కూడా ఆయనే మార్చారు. నేను వాళ్ళ మధ్యలో దూరలేదు.

పోయిన ఆదివారం ఫోనెత్తగానే అమ్మే మొదలుపెట్టింది. "నిన్న 214 వచ్చిందే. పెళ్ళిలో బొబ్బట్లు తిన్నాను, రెండు." నోటి దాకా వచ్చింది మింగేసి, "ఎవరి పెళ్ళమ్మా?" అన్నాను. తన దగ్గర ట్యూషన్‌కి వచ్చిన పిల్లవాడి కూతురి పెళ్ళట. ఆ పిల్లవాడికి ఇప్పుడు 52 ఏళ్ళట, స్టేజి మీదకి పిలిచి కాళ్ళకి దణ్ణం పెట్టాడట. ముప్పావుగంట మాట్లాడింది.