ఆరు గదులు, ఐదు తూటాలు: సింగిల్ యాక్షన్ రివాల్వర్ మీద వదినా మరిదుల వాదం

టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఒక తెలుగిల్లు. మరిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. గ్రీన్ కార్డ్ వచ్చాక సింగిల్ యాక్షన్ రివాల్వర్లు కొనడం మొదలుపెట్టాడు. వదిన ఆసుపత్రి ఎమర్జెన్సీలో డాక్టరు. ఆమె పదిహేనేళ్ళ కొడుకు బాబాయితో షూటింగ్ రేంజ్‌కి వెళ్తానన్నాడు. గొడవ అక్కడ మొదలైంది.

వదిన: వాడు అడిగాడు కాబట్టి నిన్ను అడుగుతున్నా. అందులో నీకు దొరికే ఆనందం ఏమిటి? కాగితానికి చిల్లులు పెట్టడమేనా?

మరిది: చిల్లు పడటం చివరి సంగతి వదినా. దానికి ముందు జరిగేదే నాకిష్టం. ఈ రివాల్వర్లో ట్రిగ్గర్ చేసే పని ఒక్కటే, లేచి ఉన్న హ్యామర్‌ని, అంటే తూటా వెనక కొట్టే సుత్తిని, వదలడం. ఆ హ్యామర్‌ని ప్రతిసారీ బొటనవేలితో మనమే వెనక్కి లాగాలి. లాగుతుంటే తూటాలుండే ఆరు గదుల సిలిండర్ ఒక గది తిరిగి బ్యారెల్‌కి ఎదురుగా వచ్చి ఆగుతుంది. 1873 నాటి కోల్ట్ కంపెనీ రివాల్వర్లో అయితే ఆ లాగుడులో వరసగా నాలుగు టిక్కులు వినిపిస్తాయి. డబుల్ యాక్షన్లో ఈ పనంతా ట్రిగ్గరే చెయ్యాలి, అందుకే దాన్ని పదీ పన్నెండు పౌన్ల బలంతో నొక్కాలి. ఇందులో మూడు నాలుగు పౌన్లు చాలు. వేలు కదిలీ కదలకముందే పేలుతుంది, గురి చెదరదు. పేలాక కూడా చెయ్యి నొప్పెట్టదు. పిడి నాగలి మేడిలా వంపు తిరిగి ఉంటుంది కదా, పేలినప్పుడు వెనక్కి తన్నే తాపుకి తుపాకీ అరచేతిలో పైకి దొర్లుతుంది. దొర్లేసరికి హ్యామర్ బొటనవేలి కిందికి వచ్చేస్తుంది, మళ్ళీ లాగడమే.

వదిన: యంత్రం అందంగా ఉంటే ఉండనీ. అది చేసే పనేమిటో నేను డ్యూటీలో చూస్తాను.

మరిది: చూస్తారు, కాదనను. కానీ మీరు చూసే గాయాల వెనక ఈ రకం తుపాకీ ఎన్నిసార్లు ఉంటుంది? దీన్ని నింపడానికే ఓపిక కావాలి. హ్యామర్‌ని సగం వరకు లాగి, కుడిపక్కనున్న చిన్న తలుపు తెరిచి, సిలిండర్‌ని వేలితో తిప్పుతూ ఒక్కో గదిలో ఒక్కో తూటా దించాలి. తియ్యడమూ అంతే. బ్యారెల్ పక్కనున్న కడ్డీని నొక్కుతూ పేలిన తూటాల ఖాళీ కేసుల్ని ఒక్కొక్కటిగా బయటికి తొయ్యాలి. పదిహేను, పదిహేడు తూటాల మ్యాగజైన్‌ని టక్కున మార్చే పిస్టల్‌తో దీన్ని ఎలా కలుపుతారు?

వదిన: ఆగు. ఆరు గదులుంటే ఐదే నింపుతావని మీ అన్నయ్య చెప్పాడు. ఎందుకని?

మరిది: పాత కోల్ట్‌లో హ్యామర్ ముక్కు నేరుగా తూటా ప్రైమర్ మీద, అంటే దెబ్బ తగిలితే అంటుకునే అడుగు భాగం మీద, ఆనుకుని ఉంటుంది. తుపాకీ జారి హ్యామర్ మీద పడితే పేలిపోవచ్చు. కాబట్టి ఒకటి నింపి, ఒక గది వదిలేసి, నాలుగు నింపి, హ్యామర్ పూర్తిగా లాగి మెల్లగా దించితే అది ఖాళీ గది మీద కూర్చుంటుంది.

వదిన: అంటే కింద పడితే పేలే వస్తువుని 1873 నుంచీ అలాగే తయారుచేస్తూ వస్తున్నారు. వాడేవాడి జ్ఞాపకశక్తే దానికి సేఫ్టీ. రాత్రి డ్యూటీ దిగి వచ్చి నేను కారు తాళం ఎక్కడ పెట్టానో మర్చిపోతాను. నువ్వు మర్చిపోవా?

మరిది: అందుకే కదా రూగర్ కంపెనీ 1973లో తన రివాల్వర్లను మార్చింది! హ్యామర్‌కీ, తూటాని పొడిచే ఫైరింగ్ పిన్‌కీ మధ్య ట్రాన్స్‌ఫర్ బార్ అని ఒక చిన్న ఉక్కు పలక పెట్టారు. ట్రిగ్గర్ నొక్కి ఉంచితేనే అది పైకి లేస్తుంది. లేవకపోతే దెబ్బ పిన్‌కి అందదు. దాంట్లో ఆరూ నింపుకోవచ్చు. అంతకుముందు అమ్మిన పాత మోడళ్ళు పంపినా ఉచితంగా ఆ భాగం అమర్చి ఇస్తామన్నారు. నా దగ్గరున్న రూగర్ బ్లాక్‌హాక్ ఆ తర్వాత వచ్చిందే.

వదిన: మరి ఆ ఇటలీ కోల్ట్?

మరిది: ఉబెర్టీ అనే ఇటలీ కంపెనీ చేసిన కోల్ట్ నకలు. అది పాత పద్ధతిదే. దానికి ఐదే.

(ఇక్కడ నా మాట ఒకటి. ఉచితంగా బాగుచేసి ఇస్తామన్నా పాత రూగర్ని పంపనివాళ్ళు చాలామంది ఉన్నారు. పాత టిక్కులు పోతాయనీ, ట్రిగ్గర్ హాయి తగ్గుతుందనీ, అమ్మితే ధర పడిపోతుందనీ అంటారు. చప్పుడు కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవడం నాకు మింగుడుపడదు. ఈ విషయంలో నేను వదిన పక్షం.)

వదిన: సరే, ఇంకోటి. నీకు ఈ మోజు ఎక్కించింది కౌబాయ్ కాలం. ఆ కాలం సంగతి ఎంత తెలుసు నీకు?

మరిది: తెలుసు. కోల్ట్ సింగిల్ యాక్షన్‌ని 1873లో అమెరికా సైన్యం తీసుకుంది. అశ్వికదళానికి ఏడున్నర అంగుళాల బ్యారెల్. కంపెనీ పెట్టిన శామ్యూల్ కోల్ట్ దాన్ని చూడనేలేదు, 1862లోనే పోయాడు. దానికి రూపమిచ్చినవాడు విలియం మేసన్.

వదిన: ఆ అశ్వికదళం ఎవరి మీదికి వెళ్ళిందో కూడా చెప్పు. 1876లో లిటిల్ బిగ్‌హార్న్‌లో లకోటా, షయాన్ అనే అక్కడి ఆదివాసుల మీదికి వెళ్ళిన సైనికుల నడుముకి ఉన్నది ఇదే. సొంత నేల మీదున్నవాళ్ళని అక్కడి నుంచి తరమడానికి పుట్టిన తుపాకీ ఇది. 1892లో సైన్యం .38 అనే సన్న తూటా డబుల్ యాక్షన్‌కి మారింది కదా, మళ్ళీ ఫిలిప్పీన్స్ యుద్ధంలో లావు తూటా పాత .45లు ఎందుకు బయటికి తీశారు? .38 తగిలినా ఎదురొచ్చేవాడు ఆగడం లేదని. వాళ్ళూ తమ నేల మీద నిలబడ్డవాళ్ళే. మన తాతలు తెల్లవాడి తుపాకీకి ఎదురు నిలబడ్డవాళ్ళు. దీన్ని చేతికి తీసుకున్నప్పుడు నీకది గుర్తు రాదా?

మరిది: (కాసేపాగి) వస్తుంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ చరిత్రని కాదనను, దానికి ముసుగూ వెయ్యను. కానీ ఇవాళ దీంతో ఆడే ఆట వేరు. సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ అని 1987లో పెట్టారు. పోటీకి రెండు సింగిల్ యాక్షన్ రివాల్వర్లు, ఒక లీవర్ యాక్షన్ రైఫిల్, ఒక షాట్‌గన్ కావాలి. కొట్టేది ఇనప పలకల్ని. తప్పితే సమయానికి ఐదు సెకన్లు కలుపుతారు. తూటాలు నింపేది ఒక బల్ల దగ్గర, తీసేది ఇంకో బల్ల దగ్గర, రెండు చోట్లా చూసేవాళ్ళుంటారు. డెబ్బై దాటిన ఆడవాళ్ళు కూడా వచ్చి కొడతారు.

వదిన: ఆ కాలం వేషం కట్టుకుని. మరి ఆ కాలంలో ఊళ్ళలో ఏం చట్టం ఉండేదో తెలుసా? అరిజోనాలోని టూంబ్‌స్టోన్‌లో ఊళ్ళోకి వస్తే ఆయుధం అప్పగించాలని 1881లోనే చట్టం. అక్టోబరు 26న జరిగిన ఆ పేరుమోసిన కాల్పుల్లో ఊరి పోలీసు అధికారి అయిన మార్షల్ మనుషులు వెళ్ళింది ఆయుధాలు తీసుకోవడానికే. ఇక్కడ టెక్సాస్‌లో 2021 నుంచి లైసెన్సు లేకుండానే చేతి తుపాకీ పెట్టుకు తిరగొచ్చు.

మరిది: నేను పెట్టుకు తిరగను వదినా. కిలోకి పైగా బరువున్న దాన్ని నడుముకి కట్టుకుని సూపర్‌మార్కెట్‌కి ఎవరెళ్తారు? అనుమతి లేకుండా మోసుకు తిరగడం నాకూ ఇష్టం లేదు. హెచ్1బీ మీద ఉన్నన్నాళ్ళూ నేను తుపాకీ ముట్టలేదు. వేట లైసెన్సు లాంటి మినహాయింపులు తప్పిస్తే ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. గ్రీన్ కార్డ్ వచ్చాకే, తుపాకీ కొనేవాళ్ళు నింపాల్సిన 4473 ఫారం నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాక కొన్నాను.

వదిన: నువ్వు చట్టం తప్పావని నేననలేదు. నా భయం నీ ఇంటి గురించి. 2022లో ఈ దేశంలో తుపాకీతో పోయినవాళ్ళు 48 వేలకు పైనే. అందులో సగం మందికి పైగా ఆత్మహత్యలు. మందులు మింగి వచ్చినవాళ్ళలో ఎక్కువమందిని మేం ఇంటికి పంపుతాం. తుపాకీతో ప్రయత్నించినవాళ్ళలో పదికి తొమ్మిది మంది దాకా పోతారు. నీది నిదానమైన తుపాకీ అన్నావే, ఆ పని దగ్గర నిదానం ఏం ఆపుతుంది? హ్యామర్ లాగడానికి ఒక్క సెకను. ఒక్క తూటా చాలు.

మరిది: మా ఇంట్లో అలాంటివాళ్ళు ఎవరున్నారు వదినా?

వదిన: పోయిన ప్రతివాళ్ళ ఇంట్లోనూ ఈ మాటే అంటారు. బయట వరండాలో నిలబడి నాతో అంటారు. కాలిఫోర్నియాలో 2 కోట్ల 60 లక్షల మందిని పన్నెండేళ్ళు గమనించి 2020లో ఒక అధ్యయనం వేశారు. చేతి తుపాకీ కొన్న మగవాళ్ళు తుపాకీతో ప్రాణం తీసుకోవడం, లేనివాళ్ళ కంటే దాదాపు 8 రెట్లు.

మరిది: చావాలని నిర్ణయించుకుని కొన్నవాళ్ళు కూడా అందులో ఉంటారు కదా?

వదిన: ఉన్నారు. కొన్న మొదటి నెలలోనే చాలామంది పోయారు. కానీ సగం మందికి పైగా కొన్న ఏడాది దాటాక పోయారు. అంటే కొన్ననాడు ఆ ఆలోచన లేనివాళ్ళు. ఉద్యోగం పోతుంది, గ్రీన్ కార్డ్ ఇరుక్కుంటుంది, పిల్లాడికి పరీక్ష పోతుంది, ఏ అర్ధరాత్రో మనసు విరుగుతుంది. మనవాళ్ళలో ఆ మాట బయటికి చెప్పేవాళ్ళెందరు? పదిహేనేళ్ళవాడు నాకే చెప్పడు. ఈ దేశంలో ఏడాది దాటిన పిల్లల, టీనేజర్ల చావులకి 2020లో తుపాకీ మొదటి కారణమైంది. అంతకుముందు కారు ప్రమాదాలుండేవి.

మరిది: అర్థమైంది. సేఫ్‌లో పెడతాను, తూటాలు వేరే గదిలో. సేఫ్ కోడ్ మా ఆవిడకి కూడా చెప్పలేదు.

వదిన: నీకు తెలుసుగా. నీ గురించి కూడా మాట్లాడుతున్నా నేను.

(మరిది కాసేపు మాట్లాడలేదు.)

వదిన: రేంజ్‌లోనో, క్లబ్బులోనో లాకర్ తీసుకుని అక్కడే ఉంచు. శనివారం వెళ్తావు, కాలుస్తావు, తాళం వేసి వస్తావు. ఆటకి ఏం తక్కువైంది?

మరిది: తక్కువవుతుంది వదినా. మీరు నిజాయితీగా మాట్లాడుతున్నారు కాబట్టి నేనూ చెప్తాను. ఈ సరదాలో సగం ఇంట్లోనే. రాత్రి బల్ల మీద గుడ్డ పరిచి, సిలిండర్ ఊడదీసి, మసి తుడిచి, నూనె రాసి మళ్ళీ బిగిస్తాను. ఉబెర్టీ ఫ్రేమ్ మీద నీలం, గోధుమ రంగులు మబ్బులు కమ్మినట్టు కలిసిపోయి ఉంటాయి. లోపల సన్నటి రేకు స్ప్రింగు ఒకటుంటుంది, అది విరగడం మామూలే. విరిగితే నేనే మారుస్తాను. రోజంతా కంటికి కనపడని కోడ్‌తో పనిచేసేవాణ్ణి. ఏ భాగం దేన్ని కదుపుతుందో పూర్తిగా తెలిసిన వస్తువు నా చేతిలో ఇదొక్కటే.

వదిన: బల్ల మీద గుడ్డ పరిచే రాత్రి ఇంట్లో తూటాలు ఉండాల్సిన పనేముంది మరి?

మరిది: ... లేదు.

వదిన: తూటాలు ఇంటికి తేవద్దు. రేంజ్‌లో ఎన్ని కాలుస్తావో అక్కడే కొను.

మరిది: .45 కోల్ట్ ఒక్కో తూటాకి డాలర్ దాకా అవుతుంది వదినా. అందుకే చాలామంది ఖాళీ కేసుల్లో మందుగుండు నింపి తూటాలు ఇంట్లోనే చేసుకుంటారు, నేనూ అంతే.

వదిన: ఇంట్లో నింపుకోవడమంటే గదిలో సీసం, తుపాకీ మందు కూడానా! పిల్లాడు నీ ఇంటికి ఒంటరిగా రాడు. అంతే.

మరిది: మందుగుండు సామానంతా స్నేహితుడి వర్క్‌షాప్‌కి మార్చేస్తాను. అక్కడ నింపుకుని అటునుంచే రేంజ్‌కి తీసుకెళ్తాను. తుపాకులు మాత్రం ఇంట్లోనే ఉంటాయి. అంతవరకు ఒప్పుకుంటాను, అంతకు మించి కాదు.

వదిన: అంతకు మించి కావాలి నాకు. ఆ వాదం అయిపోలేదు. రేంజ్ సంగతి చూద్దాం. వాడికి .45 వద్దు.

మరిది: రూగర్ రాంగ్లర్ ఉంది, .22. తాపు అసలు తెలీదు. మొదటి రోజు ఒక్కసారికి ఒక్క తూటానే నింపి ఇస్తాను.

వదిన: చెవిలో ప్లగ్గులు, వాటి మీద చెవుల్ని కప్పే మఫ్స్, రెండూ. కప్పు లేని రేంజ్ అయితేనే. లోపలి గదుల్లో సీసం గాల్లో ఉంటుంది. కాల్చాక చేతులు కడుక్కోకుండా ఏమీ తినకూడదు, ఆ బట్టలు విడిగా ఉతకాలి. నేనూ వస్తాను, వాడి వెనకే నిలబడతాను.

మరిది: మీరూ ఒకటి కాల్చి చూడండి వదినా.

వదిన: కాల్చను. వాడు హ్యామర్ లాగేటప్పుడు వాడి ముఖం చూడాలి నేను.