పోయింది 4 రూపాయల 35 పైసలే

మొన్న దీపావళి రాత్రి పోకర్‌లో నాకు వచ్చిన నష్టం అక్షరాలా నాలుగు రూపాయల ముప్పై అయిదు పైసలు. మా ఆవిడ ఈ మాట నమ్మడం లేదు. నష్టం లెక్కకట్టడంలో ఆవిడది తాతల నాటి పద్ధతి. వెళ్ళేటప్పుడు పర్సులో ఎంతుంది, వచ్చేటప్పుడు ఎంత మిగిలింది, దాంట్లోంచి ఇది తీసేస్తే పోయిందెంత. అంతే. గణితం ఇంత దూరం వచ్చాక కూడా చదువుకున్నవాళ్ళ ఇళ్ళలో ఇలాంటి మోటు పద్ధతులు నడుస్తున్నాయంటే బాధగా ఉంటుంది. అందుకే ఈ వ్యాసం.

ముందుగా పోలీసు శాఖ వారికి ఒక మనవి. ఇందులో రూపాయి అని ఉన్న ప్రతిచోటా చింతపిక్క అని చదువుకోగలరు. పర్సు అన్నచోట చింతపిక్కల డబ్బా.

నేను పేకముక్కల సంగతి తెలుసుకున్నది క్లబ్బులో కాదు, పదో తరగతిలో. సంభావ్యత పాఠం. “బాగా కలిపిన 52 పేకముక్కల కట్ట నుంచి యాదృచ్ఛికంగా ఒక ముక్క తీస్తే అది ఎర్ర రాజు అయ్యే సంభావ్యత ఎంత?” మా లెక్కల మాస్టారు నిష్ఠాపరులు, జన్మలో ముక్క ముట్టి ఎరగరు. బోర్డు మీద ఇస్పేటు గీయబోయి తమలపాకు గీశారు. “తిరగేసి గీయాలి సార్, కింద కాడ కూడా ఉంటుంది” అని చివరి బెంచీ నుంచి సవరణ వచ్చింది. రాజుకీ జాకీకీ తేడా తెలియక మొదటి బెంచీ వాళ్ళం బిక్కమొహాలేసుకుని కూర్చుంటే, ఏడాది పొడుగునా గోడకుర్చీలు వేసినవాళ్ళు ఆ పూట లేచి ఇస్పేటు, ఆటీను, డైమను, కళావరు అనే నాలుగు రంగుల గురించీ మాకు పాఠం చెప్పారు. జవాబు 26లో 1. అవే ముక్కలు అదే ఊళ్ళో మామిడితోటలో కలిపితే మర్నాడు పేపర్లో ‘పేకాటరాయుళ్ళ అరెస్ట్’. బళ్ళో కలిపితే మార్కులు.

ఈ శాస్త్రం పుట్టిందే జూదం దగ్గర. 1654లో ఫ్రాన్స్‌లో పాస్కల్, ఫెర్మా అనే ఇద్దరు మహానుభావులు ఉత్తరాలు రాసుకున్నారు. విషయం ఏమిటంటే, ఆట మధ్యలో ఆగిపోతే పందెం డబ్బు ఆటగాళ్ళు ఎలా పంచుకోవాలి? ఒక జూదగాడు తెచ్చిన ప్రశ్న అది. మన దగ్గర కూడా ఆటలు మధ్యలో ఆగిపోతూనే ఉన్నాయి. కాకపోతే ఆపినవాళ్ళే డబ్బంతా పట్టుకుపోవడం వల్ల పంచుకునే సమస్య రాక, ఈ గణితం మన జిల్లాల్లో పుట్టే అవకాశం లేకపోయింది.

ఇక దీపావళి రాత్రి. మా బావమరిది ఫ్లాట్‌లో ఆరుగురం. టపాసుల పొగ తగ్గేసరికి తొమ్మిదయింది. నేను నెల రోజులపాటు వీడియోలు చూసి సిద్ధపడి వెళ్ళాను. నా చేతిలో ఆటీను ఆసు, ఆటీను నాలుగు. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా తెరవాల్సిన అయిదు ముక్కల్లో నాలుగు తెరిచారు, వాటిలో రెండు ఆటీన్లు. ఇంకొక్క ఆటీను పడితే ఫ్లష్, అంటే అయిదు ముక్కలూ ఒకే రంగు. పాట్‌లో, అంటే మధ్యలో పోగైన పందెం డబ్బులో, 600 ఉంది. బావమరిది 200 పెట్టాడు. రెండు జతలైనా లేనిదే వాడు పందెం వేసే రకం కాదు, కాబట్టి నాకు ఇంకో ఆసు పడినా లాభం లేదు, ఆటీనే పడాలి.

ఇక్కడే మామూలు మనిషికీ శాస్త్రీయంగా ఆడేవాడికీ తేడా. పక్కనున్న మిత్రుడు నా ముక్కల్లోకి తొంగిచూసి, “ఇందాకట్నుంచి ఆటీను పడలేదన్నా, ఇప్పుడు పడి తీరాలి” అని చెవిలో ఊదాడు. ఇది మూఢనమ్మకం. కట్టకి జ్ఞాపకం ఉండదు, మొహమాటం అసలుండదు. నేను కళ్ళు మూసుకుని లెక్క వేశాను. నాకు కనపడనివి 46 ముక్కలు. వాటిలో ఆటీన్లు తొమ్మిది. తొమ్మిదిని నలభై ఆరుతో భాగిస్తే 19.57 శాతం. అవతల నేను 200 పెడితే గెలుచుకునేది 800. అంటే అయిదుసార్లలో ఒక్కసారైనా గెలిస్తేనే గిట్టుబాటు. కావలసింది 20 శాతం, ఉన్నది 19.57.

గణితం చాలా స్పష్టంగా, మర్యాదగా చెప్పింది: ముక్కలు పడెయ్.

నేను 19.57ని దగ్గరి పూర్ణాంకానికి సవరించాను. 20 వచ్చింది. పెట్టేశాను.

కళావరు మూడు పడింది.

ఇంటికి రాగానే పర్సు చూసి ఆవిడ అడిగింది, ఈ రెండొందలు ఏవని. నేను ఓపిగ్గా చెప్పాను. చూడూ, నలభై ఆరుసార్లు ఈ ఆట ఆడితే తొమ్మిదిసార్లు ఎనిమిదేసి వందల చొప్పున 7,200 వస్తాయి, ముప్పై ఏడుసార్లు రెండేసి వందల చొప్పున 7,400 పోతాయి. తేడా 200. దాన్ని నలభై ఆరుతో భాగిస్తే ఆటకి 4 రూపాయల 35 పైసలు. అదీ నా అసలు నష్టం.

“అయితే మిగతా 195 రూపాయల 65 పైసలు పర్సులో ఉండాలిగా?”

ఇదీ వరస. సగటు అనేది దీర్ఘకాలానికి వర్తిస్తుందనీ, వేలసార్లు ఆడితే గాని కనపడదనీ చెప్పాను. “వేలసార్లు ఆడతారా?” అని ఆవిడ కొంగు బిగించి, ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి, వెయ్యిసార్లకి 4,350 అని తేల్చింది. ఆ తర్వాత కాఫీ రాలేదు. కాఫీ రాకపోవడానికి ఉన్న సంభావ్యతను నేను ముందే లెక్కలోకి తీసుకోవలసింది.

ఒక సవరణ కూడా చెప్పాలి. ఇదంతా రాశాక బావమరిది ఫోన్ చేసి గుర్తుచేశాడు. ప్రతి పాట్‌లోంచీ బిర్యానీ కోసం 20 రూపాయలు కిట్టీలో వేశాం. అంటే గెలిచినా నాకొచ్చేది 780. కొత్త లెక్క ప్రకారం నష్టం 8 రూపాయల 26 పైసలు. బిర్యానీ ఖర్చు నా తప్పుని దాదాపు రెట్టింపు చేసింది. ఆ రాత్రి అరవై ఆటలు పడితే బల్ల మీంచి 1,200 లేచిపోయాయన్నమాట, ఎవరు లెక్క వేసి ఆడినా ఎవరు కళ్ళు మూసుకుని ఆడినా. ఆరుగురూ సమానంగా తెలివైనవాళ్ళయితే ఆరుగురూ తలా రెండొందలు పోగొట్టుకుని లేవాలి. క్లబ్బులు నడిపేవాళ్ళు ఎప్పుడూ ముక్కలు ముట్టుకోరెందుకని చిన్నప్పుడు నాకు ఆశ్చర్యంగా ఉండేది.

ఈ విద్య నేర్పేవాళ్ళు మొదటి పాఠంలో చెప్పని విషయం ఒకటుంది. సంభావ్యత నీతో ఆడించదు, మానిపిస్తుంది. మొదటి రెండు ముక్కలూ ఆసులే రావాలంటే సగటున 221 ఆటలకి ఒకసారి. గంటకి పాతిక ఆటలు పడ్డాయనుకున్నా తొమ్మిది గంటలు, అంటే పాలప్యాకెట్లు వచ్చే వేళ. అందాకా మంచి ముక్కలు వచ్చినప్పుడు తప్ప పడేస్తూ, పక్కవాళ్ళ ఆట చూస్తూ, పకోడీలు తింటూ కూర్చోవాలి. పండగపూట ఊరి నుంచి బస్సెక్కి వచ్చినవాడు పడెయ్యడానికా వచ్చింది? అందుకని మనం లెక్క వేస్తాం, ‘ఆడు’ అంటే వింటాం, ‘పడెయ్’ అంటే పూర్ణాంకానికి సవరిస్తాం. లెక్క రాని రోజుల్లో కూడా నేను ఇంతే పోగొట్టుకునేవాణ్ణి. ఇప్పుడు దశాంశ స్థానాలు తోడయ్యాయి.

లెక్క నేర్చుకుని బాగుపడినవాడు నాకు తెలిసి నలుడొక్కడే. బాహుకుడి వేషంలో ఋతుపర్ణుడి రథం తోలుతూ స్వయంవరానికి పరుగెత్తుతుంటే, రాజుగారు దారిలో తాండ్ర చెట్టు చూసి ఆకులెన్నో కాయలెన్నో చెప్పేశాడు. ఆలస్యమవుతున్నా సరే, నలుడు రథం ఆపి, చెట్టు కొట్టి మరీ లెక్కపెట్టి చూసుకున్నాడు. వీడియో చూసి నమ్మెయ్యలేదు. ఆ రాజు దగ్గర అక్షహృదయం, అంటే పాచికల రహస్యం, నేర్చుకున్నాక, జూదంలో తన రాజ్యం కాజేసిన పుష్కరుడితో ఒక్క ఆట ఆడాడు, రాజ్యం తీసుకున్నాడు, ఆట వదిలి లేచాడు. ఆ లేవడం అనే ఘట్టం మన కోచింగుల్లో ఎక్కడా లేదు. ధర్మరాజు సంగతి మరీ అన్యాయం. అన్నీ పోయి అడవికొచ్చాక, బృహదశ్వుడనే మహర్షి దగ్గర ఇదే విద్య నేర్చుకున్నాడు. ఫలితాలొచ్చాక ట్యూషన్‌లో చేరడం అంటే అదే.

పోకర్ మనకి కొత్తగానీ, మూడు ముక్కలాట ఇంటి ఆటే కదా. దాంట్లో 22,100 రకాల చేతులు, అంటే మూడేసి ముక్కల కలయికలు, వస్తాయి. అందులో 16,440 చేతులకి జత కూడా ఉండదు. ట్రయిల్, అంటే మూడూ ఒకే ముక్కలు, 52 రకాలుగా వస్తుంది. ఒకే రంగులో వరస 48 రకాలుగానే వస్తుంది. అరుదుగా వచ్చేది పెద్దదవాలి కదా? మన ఆటలో ట్రయిలే పెద్దది. నాలుగు చేతుల తేడాతో ఎవరో ఎప్పుడో చేసిన అన్యాయం, ఇంతవరకూ ఒక్క వినతిపత్రం కూడా పడలేదు. పైగా ముక్కలు చూసి ఆడేవాడు పెట్టేదాంట్లో సగం పెడితే చాలు బ్లైండ్ ఆడేవాడు. తెలుసుకోని వాడికి సగం ధరకి ఇచ్చే సదుపాయం రేషన్‌షాపులో కూడా లేదు.

ఈ ఆటల తెలివితేటల మీద న్యాయస్థానాలు కూడా చాలా కష్టపడ్డాయి. 1960ల్లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పోలీసులు చేసిన దాడి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రమ్మీలో, అంటే మన పదమూడు ముక్కలాటలో, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి అది ముఖ్యంగా నైపుణ్యం ఉన్న ఆట అన్నారు. మూడు ముక్కలాట మాత్రం ఉత్త అదృష్టం అన్నారు. ఆ తీర్పు చెప్పుకుని మన పెద్దలు రెండు తరాలపాటు తలెత్తుకుని పదమూడు ముక్కలాట ఆడారు. తర్వాత ఆట ఫోన్‌లోకి వచ్చింది, ఫోన్‌లోంచి బ్యాంకు ఖాతాలోకి వెళ్ళింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని ఆపేశాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు వచ్చి, నైపుణ్యమా అదృష్టమా అన్న తగువే పెట్టుకోకుండా, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలన్నిటినీ కలిపి నిషేధించింది. వాళ్ళు కూడా మా ఆవిడలాగే పర్సు చూశారని నా అనుమానం.

నిన్న మావాడు లెక్కల పుస్తకం పట్టుకొచ్చాడు. పదో తరగతి. అదే పాఠం, అదే ఎర్ర రాజు. చాలా సంతోషంగా దగ్గర కూర్చోబెట్టుకుని, రంగులు చెప్పి, ముక్కలు చూపించి, 26లో 1 ఎలా వచ్చిందో వివరించాను. వాడు కాసేపు పెన్ను నమిలి, “అయితే నాన్నా, రూపాయి పెట్టి గెలిస్తే పాతిక రూపాయలు లాభం రావాలి కదా? అంతకంటే తక్కువిస్తే ఆడకూడదు. ఇందులో ఎంతిస్తారో రాయలేదేం?” అన్నాడు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

“అది సిలబస్‌లో లేదురా” అన్నాను.