కాల్చి వంచిన టీఎంటీ కడ్డీ పిల్లరుకు పనికిరాదు

కాంక్రీటులో వేసే టీఎంటీ ఉక్కు కడ్డీల గురించి ఇల్లు కట్టుకునేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా తెగ తిరుగుతోంది: "సులువుగా వంగే కడ్డీ నాసిరకం. తుప్పు మరక కనిపిస్తే నకిలీ టీఎంటీ. లావు కడ్డీ వంగకపోతే కాల్చి వంచండి, చల్లారాక ఇనుము ఇనుమే." మూడూ తప్పే. మూడోది ప్రమాదకరం కూడా.

ముందు వంగడం సంగతి. కడ్డీ బలాన్ని గ్రేడుతో చెబుతారు. ఎఫ్‌ఈ 500 అంటే, చదరపు మిల్లీమీటరుకు 500 న్యూటన్ల లాగుడు వరకు కడ్డీ శాశ్వతంగా సాగిపోకూడదని అర్థం. ఆ తరువాత తెగేలోపు ఎంత సాగాలన్నది వేరే లెక్క. ఐఎస్ 1786 అనే భారత ప్రమాణం ప్రకారం ఎఫ్‌ఈ 500కు కనీసం 12 శాతం, ఇంకా ఎక్కువ సాగే రకమైన 500డీకి 16 శాతం. భూకంపంలో పిల్లరు పుటుక్కున విరగకుండా కాపాడేది ఈ సాగే గుణమే. పగుళ్లు లేకుండా చక్కగా వంగిన కడ్డీని వెనక్కి పంపితే మంచి సరుకును చేజార్చుకున్నట్టే.

తుప్పు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. టీఎంటీ కూడా ఇనుమే, వానకు తడిస్తే ఎర్రబడుతుంది. ఆ పలుచని పొర వల్ల కాంక్రీటు పట్టు తగ్గదు. పెచ్చులు రాలుతున్నా, గుంటలు పడినా మాత్రం తీసుకోకండి.

ఇక కాల్చడం. "ఇనుము ఇనుమే" అన్న మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఈ కడ్డీ బలం దాని దినుసుల్లో కంటే అది చల్లారిన తీరులోనే ఎక్కువగా ఉంది. రోలింగు మిల్లు నుంచి సుమారు 1000 డిగ్రీల వేడితో వచ్చే కడ్డీపై నీటిని ఒత్తిడితో చిమ్ముతారు. పైపొర ఒక్కసారిగా చల్లారి మార్టెన్‌సైట్ అనే గట్టి నిర్మాణంగా మారుతుంది. లోపల ఇంకా ఎర్రగానే ఉంటుంది. ఆ వేడి బయటికి పాకి పైపొర పెళుసుతనాన్ని తగ్గిస్తుంది. నడిభాగం నిదానంగా చల్లారి ఫెర్రైట్, పెర్లైట్ అనే మెత్తని నిర్మాణంగా మారుతుంది. 16 మిల్లీమీటర్ల కడ్డీని అడ్డంగా కోసి, అద్దంలా నునుపు చేసి, ఆల్కహాలులో కలిపిన కొద్దిపాటి నైట్రిక్ ఆమ్లం అద్ది చూడండి. కొన్ని క్షణాల్లో అంచు వెంబడి నల్లని వలయం తేలుతుంది. కడ్డీకి ఆ 500 తెచ్చిపెట్టేది ఆ వలయమే.

ఎర్రగా కాలిస్తే అది చెరిగిపోతుంది. గాలికి చల్లారాక అక్కడ మిగిలేది మామూలు మెత్తని ఉక్కు. అదీ సరిగ్గా వంపు దగ్గర, పైకి ఏ గుర్తూ కనిపించకుండా. మేస్త్రి మంట పెడతానంటే ఒప్పుకోకండి. లావు కడ్డీని కాల్చకుండానే, తగిన వ్యాసమున్న పిన్ను చుట్టూ యంత్రంతో నెమ్మదిగా వంచాలి. ఇప్పటికే కాల్చి వంచినవి ఉంటే, కాంక్రీటు పోయకముందే తీయించి కొత్తవి పెట్టించండి.