సవరణ: కాన్సస్ గోధుమ రైతుల సబ్సిడీ లెక్క

అమెరికాలో కౌంటీలో (మన జిల్లా లాంటిది) పంట ఆదాయం పడిపోతే ప్రభుత్వం ఇచ్చే 'ఆర్క్-సీఓ' సాయం, రైతు ఆ ఏడాది వేసిన ఎకరాల లెక్కన వస్తుందని మొన్న రాశాను. తప్పు. ఆ పొలానికి పాతకాలం నుంచి పంటవారీగా రికార్డులో ఉన్న 'బేస్ ఎకరాల' మీదే లెక్క కడతారు, అదీ 85 శాతానికే. అంటే కాన్సస్‌లో ఈసారి పొలమంతా సోయా వేసినవాడికి కూడా గోధుమ డబ్బు రావచ్చు! నాకూ మొదట వింతగానే అనిపించింది.

ఇంకోటి. సొంత చేనులో పంట పోతే ఈ డబ్బు వస్తుందన్నట్టు రాశాను. కానీ ఇందులో చూసేది కౌంటీ సగటు. 2018 వ్యవసాయ చట్టం ప్రకారం దిగుబడి, ధర కలిపి లెక్కేసిన కౌంటీ ఆదాయం బెంచ్‌మార్క్‌లో (అంతకు ముందు కొన్నేళ్ల సగటులతో కట్టిన ఆదాయంలో) 86 శాతం కంటే తగ్గాలి. 2025లో ఆ హద్దును 90కి పెంచారు. చుట్టుపక్కల అంతా బాగా పండి, మీ ఒక్క చేనే వడగళ్లకు పోతే ఇందులో పైసా రాదు. దానికి పంట బీమా వేరు.

దీన్ని తెలంగాణ రైతుబంధుతో పోల్చాను కదా, ఆ పోలిక కూడా సరిగ్గా కుదరలేదు. మన దగ్గర డబ్బు పట్టాదారుకు వెళ్లింది. అక్కడ పొలం నగదు కౌలుకిస్తే సాయం కౌలుదారుకే.