టాలీలో ఎఫ్8 నొక్కితే సేల్స్. సరే, ఆ తర్వాత?

మా ఆఫీసుకి బీకాం కంప్యూటర్స్ చేసిన పిల్లలు ఉద్యోగానికి వస్తే నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "షాపులో బిల్లు కొట్టారు, డబ్బు గల్లాలో పడింది, సరుకు వెళ్ళిపోయింది. రాత్రికి చూస్తే ఆ బిల్లు సిస్టమ్‌లో లేదు. లేదని నీకెలా తెలుస్తుంది?" చాలామంది ఒక్క క్షణం కూడా తడుముకోరు. "టాలీలో ఆల్ట్ డి కొడితే డిలీట్ అయిపోతుంది మేడమ్" అంటారు. టాలీ అంటే షాపుల్లో లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్. మాయం చెయ్యడం వచ్చన్నమాట. మాయమైందని పట్టుకోవడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

పిల్లల్ని ఏమీ అనను. చెప్పినంతవరకు వాళ్ళు బుద్ధిగానే చదివారు. నా కడుపుమంటంతా చెప్పిన పద్ధతి మీద.

మన రెండు రాష్ట్రాల్లోనూ బీకాం అంటే ఇప్పుడు పక్కన "కంప్యూటర్ అప్లికేషన్స్" అనే తోక ఉండాల్సిందే. తోక లేని బీకాంకి సంబంధాలు కూడా రావడం లేదని మా అత్తయ్య ఉవాచ. సరే, ఆ కోర్సులో ఏముంది? ఒక పక్క అకౌంట్స్, కాస్టింగ్, ట్యాక్స్, ఆడిటింగ్. ఇంకో పక్క సి లాంగ్వేజి, డేటాబేస్, వెబ్ డిజైనింగ్. కోర్సు మొత్తంలో ఈ రెండు పక్కలూ ఒక్కసారైనా ఎదురుపడవు. ఆడిటింగ్ చెప్పే సార్ ఇంటర్నల్ చెక్‌కి (ఒకరి పనిని ఇంకొకరు సరిచూసే ఏర్పాటుకి) నిర్వచనం, లక్షణాలు, ప్రయోజనాలు అంటూ పాయింట్లు రాయిస్తారు. డేటాబేస్ చెప్పే మేడమ్ ఎంప్, డెప్ట్ అనే రెండు టేబుళ్ళ మీద క్వెరీలు, అంటే డేటాలోంచి కావాల్సింది వెతికి తీసే ఆదేశాలు, రాయిస్తారు. ఒరాకిల్ వాళ్ళు ఎప్పుడో నమూనాకి ఇచ్చిన టేబుళ్ళవి. అందులో స్మిత్ అనే గుమస్తా జీతం 800. ఎన్ని బ్యాచ్‌లు పాసై వెళ్ళిపోయినా పాపం స్మిత్‌కి ఇంక్రిమెంట్ పడలేదు.

అదే క్వెరీని ఒక హోల్‌సేల్ షాపు నెల రోజుల బిల్లుల మీద రాయిస్తే ఏం పోయింది? ఒకే సప్లయర్ బిల్లు రెండుసార్లు ఎక్కిందేమో చూడమనండి. షాపు మూసి ఉండే ఆదివారం పూట ఎన్ని బిల్లులు కొట్టారో తీయమనండి. నగదు ఖర్చు ఒకరికి ఒకరోజులో 10,000 దాటితే ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఒప్పుకోరు కాబట్టి, ఒకే పార్టీ పేరు మీద రోజుకొకటి చొప్పున 9,900 రూపాయల వోచర్లు వరసగా ఎక్కడున్నాయో వెతకమనండి. సి లాంగ్వేజిలో ఫిబొనాచ్చి సిరీస్ రాయించినప్పుడు ఆవలించిన పిల్లలే ఇక్కడ కుర్చీ ముందుకి లాక్కుంటారు. దొంగని పట్టుకోవడంలో ఉన్న మజా అలాంటిది.

ఇక ల్యాబ్ సంగతి. ల్యాబ్ అంటే టాలీ, టాలీ అంటే మీటలు. ఎఫ్4 కాంట్రా, ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చి ఇవే అడుగుతారు, రికార్డులో ఇండెక్స్ పేజీ తిప్పుతారు, సంతకం పెడతారు, టిఫిన్ చేసి వెళ్ళిపోతారు. టాలీ మీద నాకేం కోపం లేదు. బెంగుళూరులో 1986లో మొదలై, మన దేశంలో చిన్న వ్యాపారి దాకా లెక్కని కంప్యూటర్‌లోకి తెచ్చిన సాఫ్ట్‌వేర్ అది. దాన్ని నేర్పుతూ మీటల దగ్గరే ఆగిపోతున్నారనే బాధ. పాత వెర్షన్లలో బిల్లు నంబర్లు ఆటోమేటిక్‌లో పెట్టి మధ్యలో 41వ బిల్లు తీసేస్తే, 42 పైకి జరిగి 41గా కూర్చునేది. నంబర్లలో ఎక్కడా ఖాళీ ఉండదు. వరస చూసి "అంతా సవ్యంగా ఉంది" అని టిక్కు పెట్టే ఆడిటర్‌కి కళ్ళు కప్పేసినట్టే. అప్పుడు తేడా ఎక్కడ దొరుకుతుంది? కస్టమర్ చేతిలో ఉన్న ప్రింటు మీద ఒక నంబరు, సిస్టమ్‌లో ఇంకో నంబరు ఉంటుంది. గోడౌన్‌లో సరుకు తగ్గుతుంది గాని పుస్తకంలో తగ్గదు. ఇదీ చెప్పాల్సిన పాఠం. దీనికి ఒక్క క్లాసు చాలు.

అకౌంటింగ్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అని సబ్జెక్టు పేరు గంభీరంగా ఉంటుంది గానీ, నా దృష్టిలో అందులో అసలు సంగతి ఇంతే: ఈ అంకె ఎవరు వేశారు, ఎవరు మార్చగలరు, మారిస్తే ఎవరికి తెలుస్తుంది? ఫ్లోచార్టులు, డేటా ఫ్లో డయాగ్రమ్‌లు, ఈఆర్‌పీలు (కంపెనీ పనులన్నీ ఒకేచోట కలిపే సాఫ్ట్‌వేర్లు) అన్నీ ఈ మూడింటికి జవాబు వెతకడానికి వచ్చినవే. మనవాళ్ళు మాత్రం డయాగ్రమ్‌లో గుండ్రం ఎక్కడ, డబ్బా ఎక్కడ అని మార్కులు వేస్తారు.

దీనికి ఉదాహరణ కోసం అమెరికా పుస్తకాలు తిరగేయక్కర్లేదు. మన హైదరాబాద్‌లోనే ఉంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ అధిపతి రామలింగరాజు ఉత్తరం బయటికి వచ్చిన రోజు గుర్తున్నవాళ్ళు ఈ పోస్టు చదివేవాళ్ళలో చాలామందే ఉంటారు. ఇప్పుడు డిగ్రీ చదివే పిల్లలకి మాత్రం అది పాత పేపర్లో వార్త. పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని ఆయనే రాశారు. లేని డిపాజిట్ల మీద 376 కోట్ల వడ్డీ కూడా చూపించారు! క్లాసులో చెబితే గిస్తే ఇక్కడిదాకా చెప్పి "కార్పొరేట్ గవర్నెన్స్ వైఫల్యం" అని ముగిస్తారు.

నాకు ఆసక్తి కలిగించేది దాని కింద ఉన్న యంత్రాంగం. ఇన్వాయిస్‌లు తయారుచేసే సిస్టమ్‌లో "సూపర్ యూజర్" అని ఒక ప్రత్యేక ప్రవేశం ఉందని, దాని ద్వారా 7,561 దొంగ ఇన్వాయిస్‌లు పుట్టించారని సీబీఐ తేల్చింది. అవి అమ్మకాల లెక్కలోకి వెళ్తాయి. ఆ ప్రాజెక్టు నడిపే మేనేజర్ తెరమీద మాత్రం కనబడవు. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. "ఈ క్లయింటుకి మేం ఈ పని చెయ్యలేదే" అని అనగలిగిన మనిషి కంటికే ఆ బిల్లు పడకుండా చేశారు. రాజు గారి దురాశ గురించి ఎంతసేపు ఉపన్యాసం ఇచ్చినా పిల్లలకి ఈ సంగతి బుర్రకెక్కదు. సూపర్ యూజర్ లాగిన్ ఎవరి చేతిలో ఉంది, అందులో ఏం జరిగిందో ఎవరు చూస్తున్నారు అన్న ప్రశ్న వేసుకోవడం వస్తేనే ఎక్కుతుంది. ఆడిటర్లు బ్యాంకుల నుంచి నేరుగా తెప్పించుకోవాల్సిన నిర్ధారణల మీద పట్టుబట్టి ఉంటే కథ ఇంకోలా ఉండేది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు ఏడేళ్ళ శిక్ష వేసింది. ఇంత జరిగిన ఊళ్ళో, ఆ ఇన్వాయిస్ సిస్టమ్‌ని బోర్డు మీద గీసి చెప్పే కామర్స్ కాలేజీ నాకింతవరకు కనబడలేదు. ఉంటే చెప్పండి, నేనే వచ్చి కూర్చుంటాను.

పంజాబ్ నేషనల్ బ్యాంక్ సంగతి ఇంకా సింపుల్. 2018లో బయటపడింది, తేలిన మొత్తం 13,000 కోట్ల పైమాటే. ముంబై బ్రేడీ హౌస్ బ్రాంచి నుంచి స్విఫ్ట్‌లో (బ్యాంకులు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే వ్యవస్థలో) విదేశీ బ్యాంకులకి హామీ సందేశాలు వెళ్ళాయి, బ్యాంకు సొంత లెక్కల సాఫ్ట్‌వేర్‌లో మాత్రం ఎంట్రీ పడలేదు. రెండూ ఒకదానితో ఒకటి కలిసి లేవు. ఒకదాంట్లో జరిగింది రెండోదాంట్లో చేత్తో ఎక్కించాలి. ఎక్కించకపోతే? ఏమీ కాదు, ఏళ్ళు గడిచిపోతాయి. ఆ తర్వాత రెండూ కలిపి తీరాలని రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది.

ఇక్కడిదాకా చదివి "ఓహో, సిస్టమ్ గట్టిగా ఉంటే చాలు, మనిషే దొంగ" అనుకుంటారని భయం. అందుకే ఇంగ్లండ్ పోస్టాఫీసు కథ చెప్పకుండా ఉండలేను. అక్కడ పల్లెల్లో, చిన్న ఊళ్ళలో కిరాణా కొట్టుతో పాటు పోస్టాఫీసు నడిపే సబ్ పోస్ట్‌మాస్టర్లు ఉంటారు. వాళ్ళకి 1999 నుంచి ఫుజిత్సు కంపెనీ చేసిన హొరైజన్ అనే లెక్కల సిస్టమ్ పెట్టారు. సాయంత్రం లెక్క చూస్తే తెరమీద తరుగు చూపించేది. హ్యాంప్‌షైర్‌లో జో హ్యామిల్టన్ అనే ఆవిడ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి, వాళ్ళు చెప్పినట్టే మీటలు నొక్కితే, రెండు వేల పౌండ్ల తరుగు కళ్ళముందే నాలుగు వేలైంది. ఒప్పందం ప్రకారం తరుగు తన జేబులోంచి కట్టాలి. ఇల్లు తాకట్టు పెట్టింది, చివరికి తప్పుడు లెక్కలు రాశానని కోర్టులో ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆవిడలాంటివాళ్ళు 900 మందికి పైగా ఉన్నారు శిక్షలు పడ్డవాళ్ళు, కొందరు జైలుకి వెళ్ళారు. ఫోన్ చేసిన చాలామందికి "ఈ సమస్య మీ ఒక్కరికే" అన్నారట. కంప్యూటర్ సరిగ్గానే పనిచేస్తోందని కోర్టులు ముందే అనుకుని, కాదని రుజువు చేసే బరువు పోస్ట్‌మాస్టర్ మీద వేశాయి. బ్రాంచి లెక్కల్ని ఫుజిత్సు ఉద్యోగులు దూరం నుంచే మార్చగలరన్న సంగతిని ఏళ్ళ తరబడి లేదన్నారు. 2019లో హైకోర్టు సిస్టమ్‌లో బగ్గులున్నాయని తేల్చింది. 2024లో పార్లమెంటు చట్టం చేసి మరీ శిక్షలు రద్దు చేసింది.

ఇప్పుడు చెప్పండి, సత్యంలో అడగాల్సిన ప్రశ్నా ఇక్కడ అడగాల్సిన ప్రశ్నా వేరా? ఈ అంకె ఎవరు వేశారు, ఇంకెవరు మార్చగలరు? అక్కడ అడగలేదు, దొంగ ఏళ్ళ తరబడి దొరకలేదు. ఇక్కడ అడగలేదు, అమాయకురాలు ఇరుక్కుంది. మన పిల్లల్లో ఎంతమంది రేపు ఏదో బ్రాంచిలో క్యాష్ కౌంటర్లో కూర్చుంటారో ఆలోచించండి. తేడా వస్తే జీతంలో కోస్తారు. అప్పుడు "లాగ్ చూపించండి, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అందులో ఉంటుంది" అని అడగాలని వాళ్ళకి తెలియాలా వద్దా?

లాగ్ అంటే గుర్తొచ్చింది. ఆ మధ్య కోస్తాలో ఒక ఎరువుల డీలర్ దగ్గరికి లెక్కలు చూడడానికి వెళ్ళాను. మానిటర్ అంచున తెల్ల స్టిక్కరు, దానిమీద బాల్‌పెన్నుతో యూజర్ పేరు, పాస్‌వర్డ్. బిల్లింగ్ అబ్బాయి, గుమస్తా, ఓనరు గారి బావమరిది అందరూ అదే లాగిన్. ఎడిట్ లాగ్ ఆన్‌లోనే ఉంది, సాఫ్ట్‌వేర్ ఏ లోటూ చెయ్యలేదు. తెరిచి చూస్తే తేదీ, టైము, పాత రేటు, కొత్త రేటు అన్నీ ఉన్నాయి. చేసినవాళ్ళ పేరు దగ్గర మాత్రం పైనుంచి కిందిదాకా "అడ్మిన్". గుమస్తాగారు నవ్వి, "మా దగ్గరంతా నమ్మకం మీదేనమ్మా" అన్నారు. నమ్మకం మంచిదే. రేపు తేడా వస్తే ఆ నమ్మకంతోనే ముందు బిల్లింగ్ అబ్బాయిని అనుమానిస్తారు, బావమరిదిని కాదు.

కంపెనీలకైతే 2023 ఏప్రిల్ 1 నుంచి నియమం వచ్చింది. లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పుకీ జాడ ఉండాలి, ఆ జాడని ఆపేసే వీలు ఉండకూడదు, అది ఉందో లేదో ఆడిటర్ తన రిపోర్టులో రాయాలి. ప్రొప్రైటర్ షాపులకీ పార్ట్‌నర్‌షిప్ ఫర్ములకీ ఇది వర్తించదు. నియమం ఉన్నచోటా ఆ "అడ్మిన్" జబ్బుకి మందు చట్టంలో దొరకదు. ఎవరి లాగిన్ వాళ్ళకి ఎందుకుండాలో తెలిసిన మనిషి అక్కడ ఉండాలి. ఆ మనిషిని తయారుచెయ్యాల్సింది డిగ్రీ కాలేజీ.

"ఇదంతా బాగానే ఉంది, పిల్లలకి ముందు ఉద్యోగం కావాలి, టాలీ, జీఎస్టీ వస్తే చాలు" అనే లెక్చరర్ మిత్రులున్నారు. నిజమే, మొదటి ఉద్యోగానికి చాలు. కానీ ఎంట్రీలు వేసే పని రోజురోజుకీ తగ్గిపోతోంది. 2023 ఆగస్టు నుంచి 5 కోట్ల టర్నోవర్ దాటిన వ్యాపారి ఇంకో వ్యాపారికి బిల్లు కొడితే అది ప్రభుత్వ పోర్టల్‌కి వెళ్ళి 64 అక్షరాల నంబరుతో తిరిగొస్తుంది. బ్యాంకు స్టేట్‌మెంట్ దానంతటదే దిగుతోంది. టైపు చేసేవాళ్ళ అవసరం తగ్గేకొద్దీ, వచ్చిన అంకెని అనుమానించగలిగేవాళ్ళ అవసరం పెరుగుతోంది. అమెరికాలో మన సీఏ లాంటి సీపీఏ పరీక్షలో 2024 నుంచి ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అండ్ కంట్రోల్స్ అని ఒక పేపర్ ఎంచుకునే వీలు పెట్టారు. హైదరాబాద్‌లోనే కూర్చుని ఆ పరీక్ష రాస్తున్న మన పిల్లలున్నారు. అదే ఏడాది మన సీఏ ఇంటర్ కొత్త విధానంలో పాత 50 మార్కుల ఈఐఎస్ (ఎంటర్‌ప్రైజ్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్) భాగం కనబడకుండా పోయింది. దీనిమీద వేరే పోస్టు రాయాలి, ఇక్కడ మొదలెడితే తెల్లారుతుంది.

డిగ్రీలో నేర్పకపోతే హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అమీర్‌పేట ఉందిగా అంటారు. అక్కడ ఎస్ఏపీ ఫికో (పెద్ద కంపెనీలు లెక్కలకి వాడే సాఫ్ట్‌వేర్) చెప్తారు, వేలల్లో ఫీజు, స్క్రీన్‌షాట్లతో మెటీరియల్. ఏ టి-కోడ్ (స్క్రీన్ తెరిచే షార్ట్‌కట్ కోడ్) కొడితే ఏ స్క్రీన్ వస్తుందో కంఠతా వస్తుంది. అంటే మళ్ళీ మీటలే, కాస్త ఖరీదైన మీటలు.

లెక్చరర్లకి నా విన్నపం ఒక్కటే. దీనికి సిలబస్ మారేదాకా ఆగక్కర్లేదు, ఈ సెమిస్టర్ ల్యాబ్‌లోనే చెయ్యొచ్చు. పిల్లల్ని రెండు బ్యాచ్‌లు చెయ్యండి. మొదటి బ్యాచ్‌కి నెల రోజుల లెక్కలిచ్చి, అందులోంచి లక్ష రూపాయలు ఎవరికీ తెలియకుండా కొట్టెయ్యమనండి. బిల్లు తీసేస్తారో, లేని సప్లయర్‌ని పుట్టిస్తారో, రేటు మారుస్తారో వాళ్ళిష్టం. రెండో బ్యాచ్ దాన్ని పట్టుకుని, ఏ లాగిన్‌లో ఏ రోజు ఎలా జరిగిందో ఒక పేజీలో రాయాలి. పట్టుకున్నవాళ్ళకి మార్కులు ఎలాగూ వేస్తారు. దొరక్కుండా దాచిన బ్యాచ్‌కి కూడా ఫుల్ మార్కులు వెయ్యండి, కాకపోతే ఎలా దాచారో అందరి ముందూ వాళ్ళచేతే చెప్పించి.