మూడు గుళ్ళు చూసి తుపాకీకి, నాలుగు గింజలు కొరికి ధాన్యానికి విలువ కట్టేవాళ్ళకి

ఇప్పుడే బావ వాళ్ళింటి నుంచి వచ్చాను. ఒళ్ళు మండిపోతోంది, ఇది రాసేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

కనుమ భోజనాలయ్యాక అందరం అరుగు మీద కూర్చున్నాం. ఫోన్లో టెక్సాస్ ఫొటోలు చూపిస్తుంటే మధ్యలో నా రైఫిల్ ఫొటో వచ్చింది. బావ ఫోన్ లాక్కుని, రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసి "ఎంతరా ఇది?" అన్నాడు. "గురి చూసే స్కోప్ కాకుండా ఐదొందల డాలర్ల లోపే బావా" అన్నాను. అంతే, మొహం తిప్పేశాడు. "అందుకే అలా ఉంది. ప్లాస్టిక్ బొమ్మ. మా నాన్నగారి తుపాకీ చూశావా, అసలు సిసలు కర్ర, ఇనుము" అని ఫోన్ పక్కాయనకి అందించాడు. ఆయన చూసి "అవునండీ, తేలిపోతున్నట్టుంది" అన్నాడు. అరుగు మీద ఏడుగురున్నారు. ఒక్కడు కూడా జీవితంలో తుపాకీ పేల్చినవాడు కాదు.

దానికి తోడు మేనల్లుడు. పదో తరగతి కుర్రాడు, వాణ్ణి ఏమీ అనను. "మావయ్యా, రెండు వేల డాలర్లదైతే మూడు గుళ్ళూ ఒకే కన్నంలోంచి వెళ్తాయి, చూడు" అని వీడియో పెట్టాడు. నేను చెప్పబోతే బావ "వాడికి తెలిసినంత కూడా నీకు తెలీదేంట్రా" అన్నాడు. లేచి వచ్చేశాను.

వాళ్ళ నాన్నగారి తుపాకీ అంటే ఇషాపూర్ ఫ్యాక్టరీలో చేసిన .315 రైఫిల్. బ్రిటిష్ సైన్యం వాడిన లీ-ఎన్‌ఫీల్డ్ నమూనా. .303 మిలిటరీ తూటా కాబట్టి మామూలు జనం చేతికి రాకూడదని బ్రిటిష్ వాళ్ళ కాలంలోనే ఈ .315 తెచ్చారు. మంచి తుపాకీయే, నేనేం తక్కువ చెయ్యట్లేదు, మావయ్యగారు ఉన్నన్నాళ్ళూ నెలకోసారి తీసి నూనె గుడ్డతో తుడిచేవారు, ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తే. కానీ ఆయన పోయాక అది పేలిందెప్పుడు? ఎలక్షన్లొస్తే స్టేషన్లో డిపాజిట్ చెయ్యాలి, అయ్యాక తెచ్చుకోవాలి, దాని ప్రయాణమంతా అదే. 1972 వన్యప్రాణి చట్టం కింద ఇక్కడ వేట నేరం, కాబట్టి అది గోడకుండడంలో తప్పేమీ లేదు. గోడకున్నదాన్ని చూపించి, ప్రతి ఏడాదీ పొలంలో పనిచేసే దాన్ని బొమ్మ అనడమే తప్పు. నేనక్కడ స్నేహితుడి రాంచ్‌లో అడవి పందుల మీద వాడతాను. టెక్సాస్‌లో వాటికి సీజన్ లేదు, ఏడాది పొడవునా కొట్టొచ్చు, ఒక్క రాత్రిలో పొలమంతా ట్రాక్టర్ దున్నినట్టు తవ్విపోస్తాయి.

చవక తుపాకీని ఎలా చూడాలో చెప్తాను, బావ చదివినా చదవకపోయినా.

ముందు డబ్బు ఎక్కడ మిగుల్చుకున్నారో చూడాలి. వాల్‌నట్ కర్ర బదులు అచ్చుపోసిన ప్లాస్టిక్ స్టాక్, అంటే భుజానికి ఆనించే, గొట్టాన్ని మోసే భాగం. నిగనిగలాడే పాలిష్ బదులు మసక నలుపు. తూటాలు పెట్టే ప్లాస్టిక్ మ్యాగజైన్. డబ్బంతా ఇక్కడ మిగుల్చుకుంటారు. గొట్టంలో మిగుల్చుకోవడం తక్కువ, ఎందుకంటే మంచి గొట్టం చెయ్యడం ఇప్పుడు యంత్రాల పని. ఇది కొత్తగా వచ్చిన తెలివి కూడా కాదు. 1958లోనే శావేజ్ అనే అమెరికా కంపెనీ వాళ్ళు 110 మోడల్లో గొట్టాన్ని ఒక నట్టుతో బిగించే పద్ధతి పెట్టారు. తూటా కూర్చునే చోట సందు ఎంతుండాలో గేజ్ పెట్టి చూసుకుని ఆ నట్టు బిగిస్తే చాలు, పెద్ద మేస్త్రీ కూర్చుని గంటలకొద్దీ రాపిడి పట్టక్కర్లేదు. ఖర్చు తగ్గింది, గురి తగ్గలేదు. రూగర్ కంపెనీ వాళ్ళ 'అమెరికన్' అనే చవక మోడల్లో ప్లాస్టిక్ స్టాక్ లోపల ఉక్కు దిమ్మలు పెట్టి వాటి మీద రైఫిల్‌ని కూర్చోబెట్టారు. బయట నుంచి చూసేవాడికి కనబడేది ప్లాస్టిక్కే. విప్పి చూస్తే కదా దిమ్మలు తెలిసేది!

నా దాంట్లో లోపం లేదని నేను అనలేదు. కంపెనీ పేరు చెప్పను. కొత్తలో గుళ్ళు ఒకసారి నిలువుగా, ఒకసారి పక్కకి పడేవి. రేంజ్‌లో పక్క బెంచీ మీదున్న పెద్దాయన చూసి, జేబులోంచి ఒక డాలర్ నోటు తీసి, గొట్టానికీ స్టాక్‌కీ మధ్య సందులో పెట్టి వెనక్కి లాగమన్నాడు. తుపాకీ చేత్తో పట్టుకుంటే నోటు సాఫీగా వచ్చేసింది. ఇసక సంచి మీద ఆనించి లాగితే ముందు కొస దగ్గర, ఎడమ పక్కన పట్టేసింది. ప్లాస్టిక్ పల్చన, బరువు పడేసరికి వంగి గొట్టానికి తగులుతోంది. గొట్టం దేనికీ తగలకుండా ఉండాలి, పేలినప్పుడు అది అదురుతుంది, ఆ అదురు ప్రతిసారీ ఒకేలా ఉంటేనే గుండు ఒకేచోటికి పోతుంది. ఇంటికొచ్చి రెండు స్క్రూలు తీసి, గుండ్రటి కర్రకి గరుకు కాగితం చుట్టి, ఎడమ పక్కన తెల్లటి పొడి రాలేదాకా రుద్దాను. నలభై నిమిషాలు పట్టింది. స్క్రూలు మళ్ళీ కొలత ప్రకారం టార్క్ రెంచ్‌తోనే బిగించాను. ఇసక సంచి మీద కూడా నోటు ఆగకుండా వచ్చింది. ఆ తర్వాత ఈ రోజు దాకా అది నన్ను మోసం చెయ్యలేదు.

ఇలాంటివి చూడాలి. తూటాని గొట్టంలోకి తోసే బోల్ట్ వెనక్కి లాగినప్పుడు లొడలొడలాడుతోందని పెదవి విరుస్తారు, అది మూసి గడి పడ్డాక గట్టిగా ఉందా లేదా అన్నది చూడరు. మ్యాగజైన్ నిండా తూటాలు పెట్టి నెమ్మదిగా ఒకసారి, వేగంగా ఒకసారి ఆడించి చూడాలి. ఖాళీ డొల్ల ప్రతిసారీ బయటికి ఎగరాలి. ట్రిగ్గర్ నొక్కితే పాకుతూ పాకుతూ పేలుతోందా, టక్కున తెగుతోందా చూడాలి. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ నొక్కి, వదిలి, సేఫ్టీ తీసి, అప్పుడూ లోపలి ఫైరింగ్ పిన్ పడలేదని ఖాళీ తుపాకీతో నమ్మకంగా తెలుసుకోవాలి. మూడు నాలుగు రకాల తూటాలు కొని ఏది దానికి పడుతుందో చూడాలి, ఒకటి పడకపోతే తుపాకీని తిట్టకూడదు. తుపాకీతో పాటు ఉచితంగా వచ్చే స్కోప్ వదులైపోతే ఆ పాపం కూడా తుపాకీ మీదే వేస్తారు.

ఇక ఆ మూడు గుళ్ళ సంగతి. నాకు అన్నిటికంటే మంటగా ఉండేది ఇదే. వంద గజాల దూరంలో కాస్త అటూ ఇటూగా ఒక అంగుళాన్ని, కచ్చితంగా అయితే 1.047 అంగుళాల్ని, ఒక మినిట్ ఆఫ్ యాంగిల్ అంటారు. నెట్లో చూస్తే ప్రతివాడి తుపాకీ అంగుళం లోపే కొడుతుంది. ఎలాగయ్యా అంటే మూడు గుళ్ళు. అదే తుపాకీ, అదే చెయ్యి, అదే డబ్బాలో తూటాలు, మూడు పేలిస్తే వచ్చే గుంపు, అంటే కన్నాలన్నీ పడ్డ మేర వెడల్పు, సగటున పది పేలిస్తే వచ్చే గుంపులో అరవై శాతం చిల్లరే ఉంటుంది. పైగా నాలుగు కాగితాల మీద మూడేసి పేల్చి, బాగా పడ్డ కాగితం ఒక్కటే ఫొటో తీసి పెడతారు. మిగతా మూడు చెత్తబుట్టలోకి. నేను పది పేలుస్తాను. సన్న గొట్టం కాబట్టి రెండేసి పేల్చి చల్లారనిస్తాను, మధ్యాహ్నం పోయినా పరవాలేదు. నాది వంద గజాల్లో పదికి పదీ ఒకటిముప్పావు అంగుళంలో పడతాయి. జింకకి గుండే ఊపిరితిత్తులూ ఉండే చోటు సుమారు ఎనిమిది అంగుళాల వెడల్పు. అంటే రెండొందల గజాల్లో నా పది గుళ్ళూ నాలుగు అంగుళాల లోపే. ఇంకేం కావాలి? వేటకి వెళ్ళేవాడికి కావలసింది తెల్లవారుజామున చలిలో, చల్లటి గొట్టంలోంచి వెళ్ళే మొదటి గుండు నిన్న పడ్డచోటే ఇవాళా పడటం. అది ఏ వీడియోలోనూ చూపించరు.

బావా, నువ్వు అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం చేస్తావు. ముప్పై ఏళ్ళుగా చేస్తున్నావు, నీ చెయ్యి నాకు తెలుసు. కాయ తీసుకుని చెవి దగ్గర ఊపుతావు, నీళ్ళ చప్పుడు వింటావు, ఇంకో కాయతో కొట్టి గంటలా మోగిందా లేదా చూస్తావు, బరువు చూస్తావు. పైన కాయలు బాగున్నాయని లోడు తీసుకోవు, రాశి మధ్యలోకి చెయ్యిపెట్టి అడుగు నుంచి తీయిస్తావు. మూడు కాయలు చూసి లారీ కొన్నావా ఎప్పుడన్నా? పీచు రంగు చూసి ధర కట్టావా? ఆ కళ్ళు నా దగ్గరకి వచ్చేసరికి ఏమైపోయాయి?

ఆ కళ్ళు నా విషయంలో ఎందుకు పనిచెయ్యవో కూడా నాకు తెలుసు. ఇది ఇవాళ్టిది కాదు.

నేను డిగ్రీ చదువుతున్నప్పుడు, సార్వా కోతలప్పుడు తుపాను వాన పడింది. నాన్నది మూడున్నర ఎకరాలు, అంతా స్వర్ణ. మార్టేరు వరి పరిశోధన స్టేషన్ వాళ్ళు 1982లో ఇచ్చిన వంగడం, ఎమ్‌టీయూ 7029. పొట్టు ఎర్రగా ఉంటుంది, సన్నబియ్యంలా చూడ్డానికి సోకుగా ఉండదు, కానీ ఎన్ని కోట్ల మంది కడుపు నింపిందో ఆ ఎర్ర గింజ! దాన్ని కూడా "మోటు రకం" అని మొహం చిట్లించేవాళ్ళు మన చుట్టాల్లోనే ఉన్నారు. సరే, నాన్నా అమ్మా నేనూ తొమ్మిది రోజులు బరకాల మీద ఆరబోశాం. సాయంత్రం పోగు చేసి కప్పడం, పొద్దున్నే మంచు ఆరాక మళ్ళీ పరచడం, కాళ్ళతో సాళ్ళు తిప్పడం. నాన్న అరికాళ్ళు చిట్లిపోయి నెత్తురొచ్చింది. సొసైటీ దగ్గర మీటర్ పెట్టిస్తే తేమ పదహారున్నర శాతం చూపించింది. పదిహేడు దాకా తీసుకోవచ్చు.

దళారీ వచ్చాడు. బస్తాలన్నీ వదిలేసి గోడవారగా, మంచు తగిలే చోట ఉన్న ఒక్క బస్తాలో చెయ్యి పెట్టాడు. గుప్పెడు తీసి అరచేతిలో నలిపాడు, నాలుగు గింజలు పంటికింద పెట్టి కొరికాడు. "పచ్చి వాసన. పంతొమ్మిదికి తక్కువుండదు. బస్తాకి ఎనభై తగ్గించుకోండి" అన్నాడు. నాన్న మీటర్ చీటీ చూపించారు. దళారీ దాని వంక కూడా చూడలేదు. మధ్యవర్తిగా వచ్చింది ఎవరు? మా బావ. నాన్న ఆయన వంక చూశారు, సొంత మేనల్లుడు కదా ఒక మాట అంటాడని. "మీటర్లదేముంది మావయ్యా, ఆయన చెయ్యి పడితే తిరుగుండదు" అన్నాడు బావ. నేను మధ్యలో మరో నాలుగు బస్తాలు విప్పించమన్నాను. "నీకేం తెలుసురా, చదువుకో" అన్నాడు. ఇవాళ అన్నదీ అదే మాట, కొంచెం మార్చి.

నాన్న సంతకం పెట్టేశారు. లారీ వెళ్ళిపోయాక కాళ్ళు కడుక్కుని చాలాసేపు నూతి గట్టు మీదే కూర్చుండిపోయారు.

ఇప్పుడు ఇంటికొచ్చి బీరువా తీశాను. అమ్మ ఆ కాటా చీటీ ఇంకా నాన్న కళ్ళజోడు పెట్టెలోనే దాచింది. 118 బస్తాలు. బస్తాకి ఎనభై చొప్పున 9,440 రూపాయలు. దాని వెనక మడతలో సొసైటీ మీటర్ చీటీ కూడా ఉంది. రేపు పొద్దున్న రెండూ పట్టుకుని బావ అరుగు మీదకే వెళ్తాను, అరుగు మీద ఆ ఏడుగురూ ఉండగానే.